వెదకు సాధనమును పరీక్షించువారెవరు?

బియ్యము చేటలో పోసికొని రాళ్లేరు పని మనమందఱము ఇండ్లలో చూచినదే. ఏరుట ముగిసిన తరువాత ఇల్లాలు రెండు విషయములు విచారించుకొనును. చేటలోని రాళ్లన్నియు వచ్చినవా, ఇంకను మిగిలినవా అనునది మొదటిది. ఏరి వేసిన గుప్పెటలో రాళ్లే ఉన్నవా, మంచి గింజలు కూడ పోయినవా అనునది రెండవది. గుప్పెట విప్పి చూచినచో రెండవ ప్రశ్నకు జవాబు వెంటనే తెలియును. మొదటి ప్రశ్నకు జవాబు మాత్రము భోజనమునకు కూర్చున్నపుడు పంటి క్రింద తెలియును. నేడు మేము చెప్పదలచిన విషయమంతయు ఈ రెండు ప్రశ్నల నడుమనే ఉన్నది.

డాక్టరేటు పట్టము కొఱకు విశ్వవిద్యాలయమున చేరిన విద్యార్థి గాని, ఆసుపత్రిలో క్రొత్త చికిత్సను పరీక్షింపదలచిన వైద్యుడు గాని మొట్టమొదట చేయవలసిన పని యొకటి కలదు. తాను ఎత్తుకొన్న విషయమును గూర్చి తనకు పూర్వము ఎవరెవరు ఏమేమి వ్రాసిరో వెదకి, చదివి, వానిలో తేలినదేమి, తేలనిదేమి అని నిర్ణయించుకొనవలెను. దీనినే సాహిత్యసమీక్ష అందురు. ఇచట సాహిత్యమనగా కావ్యనాటకములు కావు. ఆ విషయముపై వెలువడిన పూర్వరచనలన్నియు అని అర్థము. మన శాస్త్రగ్రంథములలో సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షము చెప్పు సంప్రదాయము కలదు. ఎదుటివాని మాట పూర్తిగా వినక తన మాట చెప్పుటను మన పెద్దలు వాదముగా అంగీకరింపలేదు. సాహిత్యసమీక్షకును ఆ న్యాయమే ఆధారము.

ఒకప్పుడు ఒక శాస్త్రమున ఏటేట వెలువడు వ్యాసములను ఒక్క మనుష్యుడు శ్రద్ధతో చదువగలిగెడివాడు. నేడది సాధ్యము కాదు. అమెరికా జాతీయ వైద్యగ్రంథాలయమువారి పబ్‌మెడ్ అను సూచిలో ఇప్పటికి మూడున్నర కోట్లకు మించిన రచనల వివరములు చేరినవి. ఏటేట పది లక్షలకు పైగా క్రొత్తవి వచ్చి చేరుచున్నవి. ఇది వైద్యమునకును దానికి దగ్గఱి శాస్త్రములకును సంబంధించిన లెక్క మాత్రమే.

ఇంత రాశిలో వెదకుటకు సాధనములు కావలసివచ్చినవి. 1879లో జాన్ షా బిల్లింగ్స్ అను వైద్యుడు ఇండెక్స్ మెడికస్ అను అచ్చు సూచిని ఆరంభించెను. 1964లో ఆ పనికి కంప్యూటరు తోడై మెడ్లార్స్ అను ఏర్పాటు వెలసెను. ఆ సంవత్సరమే యూజీన్ గార్‌ఫీల్డ్ ఏ వ్యాసము ఏ వ్యాసమును పేర్కొన్నదో తెలుపు క్రొత్త తరహా సూచిని ప్రకటించెను. 1996లో పబ్‌మెడ్ వచ్చెను. ఇటీవల 2022 మొదలుకొని మనుష్యభాషలో అడిగిన ప్రశ్నకు మనుష్యభాషలోనే జవాబు కూర్చు కృత్రిమమేధా సాధనములు వచ్చినవి. వ్యాసములను వెదకి తెచ్చుటయే కాదు, చదివి సారాంశము కూడ వ్రాసి పెట్టుదుమని వీని నిర్మాతలు చెప్పుచున్నారు.

ఇట్టి సాధనము తయారైనపుడెల్ల నిర్మాతలు పరిశోధకులను పిలుచుచున్నారు. మా సాధనమును కొన్ని దినములు వాడి చూచి మీ అభిప్రాయము తెలుపుడని కోరుచున్నారు. ఈ పిలుపు మన విశ్వవిద్యాలయములకును, అచట చదువు మన పిల్లలకును అందుచున్నది. పిలుచువారు ఎవరిని పిలువవలెను? ఏమి అడుగవలెను? పిలిపించుకొన్నవారు ఏమి గమనింపవలెను? చూచుటకు ఇది చిన్న వ్యవహారముగా తోచును. కాని దీనిలో పొరపాటు జరిగినచో దాని ఫలము ఎంత దూరము పోవునో తెలుపుటకు రెండు ఉదాహరణములు చాలును.

మొదటిది గుండెపోటునకు సంబంధించినది. స్ట్రెప్టోకైనేజ్ అనునది రక్తనాళములలో గడ్డకట్టిన రక్తమును కరగించు మందు. 1959 మొదలు 1988 వఱకు ఈ మందు గుండెపోటు రోగులకు ఉపకరించునా అని 33 పరీక్షలు జరిగినవి. 1992లో కొందఱు పరిశోధకులు ఈ పరీక్షలన్నిటిని కాలక్రమమున పేర్చి, ఒక్కొక్కటి చేరినపుడెల్ల మొత్తము ఫలితమును లెక్కించి చూచిరి. 1973 నాటికే, అనగా 8 పరీక్షలు, 2,432 మంది రోగులు పూర్తియైనప్పటికే, మందు మరణములను తగ్గించుచున్నదని అంకెలు చెప్పుచుండెను. ఆ తరువాత 25 పరీక్షలలో 34,542 మంది రోగులు చేరిరి. పరీక్షానియమమును బట్టి వారిలో ఒక భాగమువారికి ఆ మందు ఈయబడలేదు. తెలిసిన విషయమంతయు ఒకచోట చేర్చి చూచు ఏర్పాటు ఆనాడు లేకపోయెను. ఆ లోటునకు మూల్యము చెల్లించినది రోగులు.

రెండవది 2001లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున జరిగినది. ఉబ్బసవ్యాధిని గూర్చిన ఒక పరిశోధనకు ఆరోగ్యవంతులు కొందఱు స్వచ్ఛందముగా వచ్చిరి. వారిలో 24 ఏండ్ల యువతి యొకతె హెక్సామెథోనియమ్ అను మందును పీల్చిన తరువాత ఊపిరితిత్తులు చెడి మరణించెను. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేయవచ్చునని 1950 ప్రాంతపు వ్యాసములలో ఉన్నది. పరిశోధకుడు వెదకక పోలేదు, వెదకెను. కాని ఆనాడు ఆయన వెదకిన కంప్యూటరు సూచి 1966 నుండియే మొదలగును. అంతకు ముందటి వ్యాసములు దానిలో లేవు. లేవని సాధనము చెప్పదు. తన యొద్ద ఉన్నదానిని చూపి ఊరకుండును. చూచినవాడు ఇంతియే కాబోలునని అనుకొనును.

పంటి క్రింద రాయి తగులుట అనగా ఇదియే. కావున వెదకు సాధనమునకు పరీక్ష అవసరమా అను ప్రశ్న లేదు. పరీక్ష ఎట్లు చేయవలెనను ప్రశ్నయే మిగులును. దీనికి మనము క్రొత్తగా ఆలోచింపనక్కఱలేదు. అరువది ఏండ్ల క్రిందటనే కొందఱు ఈ దారిన నడచి చూపిరి.

ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డు అనుచోట ఒక వైమానిక కళాశాల ఉండెడిది. దాని గ్రంథాలయాధికారి సిరిల్ క్లెవర్‌డన్. గ్రంథములను వర్గీకరించు పద్ధతులలో ఏది మేలని ఆనాడు గ్రంథాలయములవారు ఘోరముగా వాదించుకొనుచుండిరి. వాదమేల, కొలిచి చూతమని క్లెవర్‌డన్ పూనుకొనెను. 18,000 రచనలను నాలుగు పద్ధతులలో సూచీకరించి, 1,200 ప్రశ్నలతో పరీక్షించి, 1962లో ఫలితములను ప్రకటించెను. ఆ నాలుగింటిలో ముఖవర్గీకరణము ఒకటి. దాని మూలసూత్రము మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన ఎస్. ఆర్. రంగనాథన్‌గారిది. నాలుగు పద్ధతులును రమారమి సమముగనే నిలిచినవి.

అయితే ఈ పరీక్షలో ఒక లోపమున్నదని విమర్శకులు పట్టుకొనిరి. ప్రశ్నలను ఎట్లు తయారుచేసిరి? రాశిలో ఉన్న ఒక రచనను చూచి, ఆ రచన జవాబగునట్లు ప్రశ్న వ్రాయించిరి. జవాబు ముందు పెట్టుకొని ప్రశ్న వ్రాసినచో జవాబులోని మాటలే ప్రశ్నలోనికి వచ్చును. అట్టి ప్రశ్నకు జవాబు దొరకుట సాధనము గొప్పతనమా, ప్రశ్న వ్రాసిన తీరు గొప్పతనమా చెప్పుట కష్టము.

క్లెవర్‌డన్ ఈ విమర్శను త్రోసివేయక రెండవ పరీక్షకు వేఱొక మార్గము త్రొక్కెను. మాకు కావలసిన పాఠము ఇచటనే ఉన్నది. విమానశాస్త్రమున క్రొత్తగా వ్యాసములు ప్రకటించిన పరిశోధకులకు ఆయన ఉత్తరములు వ్రాసెను. మా సూచి ఎట్లున్నదని అడుగలేదు. మీరు ఈ వ్యాసము వ్రాయుటకు పూనుకొన్నపుడు మీ మనస్సులో ఉన్న మూలప్రశ్న ఏది? పని నడచుచుండగా పుట్టిన ఉపప్రశ్నలేవి? మీ వ్యాసము చివర మీరు పేర్కొన్న పూర్వరచనలలో ఒక్కొక్కటి ఆ ప్రశ్నకు ఎంతవఱకు ఉపయోగపడెను? ఈ మూడు సంగతులను మాత్రమే అడిగెను. ఇట్లు రెండు వందలకు పైగా ప్రశ్నలు చేకూరెను. 1,400 రచనల రాశిని ఏర్పరచి, ఇంకను సంబంధించిన రచనలు అందులో దాగియున్నవేమో చూచుటకు ఉన్నతవిద్యార్థుల చేత వెదకించి, వారికి దొరకినవానిని మరల ప్రశ్న పంపిన పరిశోధకులకే పంపి తీర్పు కోరెను. ఫలితములు 1966లో వెలువడెను. ఆ ప్రశ్నలును ఆ తీర్పులును తరువాతి తరమువారికి కూడ కొలబద్దలుగా ఉపయోగపడెను.

ఈ పద్ధతిలోని వివేకమును గమనింపుడు. పరిశోధకుని ఎదుట సాధనమును పెట్టి బాగున్నదా అని అడుగుట సులభము. మర్యాదస్థుడు బాగున్నదనును, విసిగినవాడు బాగులేదనును. రెండింటి వలనను సాధనము గుణము తేలదు. క్లెవర్‌డన్ అడిగినది పరిశోధకునికి మాత్రమే తెలిసిన సంగతి. నిజమైన అవసరమున నుండి పుట్టిన ప్రశ్నను అడిగెను. దానికి ఏ రచన నిజముగా ఉపకరించినదో అడిగెను. ఆ రెండును సాధనము ముఖము చూడకముందే పుట్టినవి. కావున వానికి సాధనము మీద మోహమును లేదు, ద్వేషమును లేదు.

తరువాతి ఉదాహరణము మెడ్లార్స్. 1966–67లో ఎఫ్. డబ్ల్యు. లాంకాస్టర్ దానిని పరీక్షించెను. తమ పని కొఱకు నిజముగా ప్రశ్నలు పంపుకొన్న వైద్యులు, శాస్త్రజ్ఞులు ఆ పరీక్షలో పాల్గొనిరి. వారికి ముందే తెలిసిన వ్యాసముల పట్టికను తీసికొని, ఇతర మార్గముల వలన దొరకినవానిని కలిపి, ఆ మొత్తములో సాధనము ఎన్నిటిని పట్టినదో చూచిరి. సుమారు 300 ప్రశ్నల మీద తేలినదేమనగా, దొరకవలసిన వ్యాసములలో నూటికి 58 దొరకినవి. తెచ్చి యిచ్చినవానిలో నూటికి 50 పనికివచ్చినవి. మొదటి అంకె చేటలో మిగిలిన రాళ్ల లెక్క. రెండవది గుప్పెటలోని గింజల లెక్క. లాంకాస్టర్ అంకెలు చెప్పి ఊరకుండలేదు. తప్పిన ప్రతి చోటను ఎందుకు తప్పెనని విచారించెను. సూచీకరించువాడు వదలినది కొంత, వెదకువాడు వదలినది కొంత, పారిభాషికపదముల కొఱతవలన పోయినది కొంత, అసలు ప్రశ్న అడిగినవాని కోరిక ఏమో స్పష్టముగా తెలిసికొననందున పోయినది కొంత. ఇట్లు వేఱుచేసి చెప్పినందుననే ఆ పరీక్ష సాధనమును బాగుచేయుటకు ఉపకరించెను.

మూడవ ఉదాహరణము అన్నిటికంటె ముఖ్యమైనది. అమెరికాలో ఒక పెద్ద వ్యాజ్యమునకు సంబంధించిన 40,000 పత్రములు, సుమారు మూడున్నర లక్షల పుటలు, కంప్యూటరులో ఎక్కింపబడెను. వ్యాజ్యము నడపు న్యాయవాదులు తమకు కావలసిన పత్రములను ఆ సాధనముతో వెదకించుకొనిరి. కావలసినవానిలో నూటికి 75 పాళ్లు దొరకినగాని తమకు చాలదని వారు ముందే చెప్పిరి. తృప్తి కలుగునంతవఱకు మరల మరల వెదకించుకొనిరి. 75 పాళ్లు దొరకినవని నమ్మిరి. డేవిడ్ బ్లెయిర్, ఎమ్. ఇ. మారన్ అను పండితులు మిగిలిన రాశిని వేఱుగా పరిశీలించి 1985లో ఫలితమును ప్రకటించిరి. నిజముగా దొరకినవి నూటికి 20 పాళ్లు మాత్రమే.

ఆ న్యాయవాదులు అమాయకులు కారు. వ్యాజ్యము వారిది, పత్రముల సంగతి వారికి చక్కగా తెలియును. అయినను ఎట్లు మోసపోయిరి? వారి యెదుటికి వచ్చిన పత్రములలో చాలభాగము సరియైనవే. గుప్పెట విప్పి చూచినచో అన్నియు రాళ్లే. దానిని చూచి చేట శుభ్రమైనదని భావించిరి. కాని ఒక పక్షమువారు ప్రమాదమని వ్రాసినదానిని మఱియొకరు ఘటన అనిరి, ఇంకొకరు సమస్య అనిరి, వేఱొకరు ఇబ్బంది అని సరిపెట్టిరి. అడిగిన మాట లేని పత్రము రానేలేదు. రానిదానిని చూచుట ఎవరికిని సాధ్యము కాదు గదా.

ఇందువలన తేలిన సంగతి యొకటే. వాడినవాని తృప్తి సాధనమునకు ప్రమాణము కాదు. తృప్తి చెందిన నూఱుగురి సంతకముల కంటె, ఏది దొరకవలెనో ముందుగా ఎఱిగి, అది దొరకలేదని చూపిన ఒక్కని మాట విలువైనది. సాధనమునకు పరీక్షకులను పిలుచువారు వెదకవలసినది ఆ ఒక్కనిని.

నేటి కృత్రిమమేధా సాధనముల విషయమున ఈ హెచ్చరిక ఇంకను అధికముగా వర్తించును. పాత సాధనము తెచ్చిన పట్టికలో ఉన్న వ్యాసము ఎక్కడనో ఒకచోట నిజముగా ఉండెడిది. క్రొత్త సాధనములు కొన్ని సమయములందు లేని వ్యాసమును, లేని రచయితను, లేని పుటసంఖ్యను కూడ చక్కని వాక్యములో కూర్చి చెప్పుచున్నవి. 2022 నవంబరులో మెటా సంస్థవారు శాస్త్రరచనల మీద శిక్షణ యిచ్చిన గెలాక్టికా అను సాధనమును జనుల ప్రయోగమునకు తెఱచి, మూడు దినములలోనే మూసివేసిరి. శాస్త్రజ్ఞులు దానిని వాడి, అది తప్పును సయితము నిబ్బరముతో చెప్పుచున్నదని చూపిరి. ఆ తరువాత వచ్చిన సాధనములు అసలు వ్యాసములను చూచి జవాబు చెప్పునట్లు బాగుపడినవి. అయినను ఉన్న వ్యాసమును పేర్కొని, అందు లేని మాటను దానికి అంటగట్టు దోషము పూర్తిగా పోలేదు. వాక్యము సొంపుగా ఉండుటచేత గుప్పెట విప్పి చూడవలెనను బుద్ధి కూడ మనకు కలుగకుండుట ఇందలి అపాయము.

ఇక పిలుచువారు ఏమి చేయవలెనో మాకు తోచినంత చెప్పుదము.

మొదట, ఎవరిని పిలువవలెను? కాకిపిల్ల కాకికి ముద్దు. నిర్మాత తన మిత్రులను, తన శిష్యులను, క్రొత్తదనమన్న మోజు గలవారిని మాత్రమే పిలిచినచో ఆ ముద్దు ఇంకను పెరుగును. ఒక విషయమున ఇరువది ఏండ్లు పనిచేసినవాడు కావలెను, దొరకవలసినది అతడెఱుగును. మొదటి సంవత్సరపు విద్యార్థియు కావలెను. అతనికి శాస్త్రపు మాటలు ఇంకను అబ్బలేదు, కావున తప్పు మాటతో అడుగును, ఆ తప్పు మాటకు సాధనమేమి చేయునో తెలియును. గ్రంథాలయాధికారి తప్పక కావలెను. వెదకుటయే అతని వృత్తి. వైద్యమునకు సరిపడినది చరిత్రకు సరిపడదు కనుక వేర్వేఱు శాస్త్రములవారు కావలెను. ఇట్టి సాధనములను నమ్మనివారు కూడ కొందఱుండవలెను. నడుమ మానుకొన్నవారిని విడిచిపెట్టక, ఎందుకు మానిరని అడుగవలెను. చివరివఱకు నిలిచినవారి మాటలే వినినచో, సహనము గలవారి అభిప్రాయము మాత్రమే తెలియును.

రెండవది, ఏమి అడుగవలెను? సాధనమును చూపకముందే పరిశోధకుని చేత తన ప్రశ్నను, తాను తప్పక దొరకవలెనని తలచు రచనల పట్టికను వ్రాయించి భద్రపఱుపవలెను. తరువాత సాధనమును వాడనీయవలెను. పట్టికతో సరిచూడవలెను. పట్టికలో లేని మంచి రచన సాధనమునకు దొరకినచో దానిని కూడ లెక్కకు తీసికొనవలెను. అది సాధనమునకు న్యాయము. ఇదివఱకే పలువురు కలిసి నెలల తరబడి చేసి ముగించిన సమీక్షలు ప్రకటింపబడి యున్నవి. వానిలోని ప్రశ్నను మాత్రము సాధనమునకిచ్చి, ఆ సమీక్షకు ఎక్కిన రచనలలో ఎన్నిటిని అది పట్టునో చూచుట మఱియొక మార్గము. అయితే ఆ సమీక్షనే చూచి అది జవాబు చెప్పకుండునట్లు జాగ్రత్త వహింపవలెను. సారాంశము వ్రాసి యిచ్చు సాధనమైనచో ప్రతి వాక్యమును మూలవ్యాసముతో సరిపోల్చవలెను.

అన్నము ఉడికినదో లేదో చూచుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన సామెత. అది ఒక కుండలో, ఒక నిప్పు మీద ఉడికిన అన్నమునకు చెల్లును. ఇచట ఒక్కొక్క ప్రశ్న ఒక్కొక్క కుండ. గుండెజబ్బు ప్రశ్నకు చక్కగా జవాబు చెప్పిన సాధనము కాకతీయుల శాసనముల ప్రశ్నకు చెప్పునని నమ్మరాదు.

మూడవది, పరీక్షకు వచ్చినవానికి ఏమి యీయవలెను? వాని కాలమునకు తగిన ప్రతిఫలమీయవలెను. పరిశోధకుని కాలము ఊరక వచ్చినది కాదు. వాని ప్రశ్నను గోప్యముగా ఉంచవలెను. ఇంకను ప్రకటింపని పరిశోధనకు సంబంధించిన ప్రశ్న వాని సొత్తు. అది పరుల చేతబడినచో ఏండ్ల శ్రమ వ్యర్థమగును. ఇష్టము లేనపుడు మానుకొను స్వేచ్ఛ నీయవలెను. ముఖ్యముగా, ఆచార్యుడు చెప్పెను గనుక శిష్యుడు కాదనలేక చేరుట జరుగరాదు. అట్లు చేరినవాడు ఆచార్యుని ముఖము చూచి జవాబు చెప్పును. ఆ జవాబు వలన సాధనమునకు గాని శాస్త్రమునకు గాని మేలు లేదు. కడపట, తప్పులను కనుగొన్నచో బాహాటముగా చెప్పు హక్కు వానికుండవలెను. నిర్మాతలును తమ సాధనము ఎచట తప్పినదో, ఏ సంవత్సరము నుండి ఏ భాషలలోని రచనలు తమ యొద్ద ఉన్నవో ప్రకటింపవలెను. బాల్టిమోర్ సంగతిని మఱచిపోరాదు.

మన తెలుగు పరిశోధకులకు ఇందు ప్రత్యేకమైన కర్తవ్యము కలదు. వేటపాలెములో 1918లో స్థాపింపబడిన సారస్వతనికేతనమునకు పాతపత్రికలు చూచుటకై పరిశోధకులు నేటికిని పోవుచున్నారు. అట్టి బీరువాలలో ఉన్న వ్యాసములలో ఎన్నో ఏ సూచిలోను చేరలేదు. ఒకే మాటను పూర్వులు బండి ఱకారముతో వ్రాసిరి, నేటివారు సామాన్య రకారముతో వ్రాయుచున్నారు. ఈ రెండును ఒకటియని సాధనమునకు ఎవరో ఒకరు చెప్పవలెను. ఇక పేర్ల సంగతి. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. లోకమునకు అది ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగనే తెలియును. ఎల్లాప్రగడ అను ఇంటిపేరుతో వెదకువానికి అది దొరకుట కష్టము. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక పడుటచేత ఒకే పండితుడు సూచిలో ఇద్దఱగుటయు, ఇద్దఱు ఒకరగుటయు సంభవించును. ఇట్టి చిక్కులు తెలుగువాడు పరీక్షకు పోయి చూపిననే గాని పైవారికి తెలియవు. కావున పిలుపు వచ్చినపుడు మన భాష దీనిలో లేదుగదా అని మానుకొనుట తగదు. లేదని చెప్పుటకే పోవలెను.

మీ ఇంటి అబ్బాయి గాని అమ్మాయి గాని విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచుండవచ్చును. పూర్వము ఆఱు మాసములు పట్టిన పనిని ఒక పూటలో ముగించితినని సంతోషముతో చెప్పవచ్చును. ఆ సంతోషమును కాదనవలదు. వెదకుటలో మిగిలిన కాలము ఆలోచించుటకు వచ్చినచో అంతకంటె కావలసినదేమున్నది? చదువరి కాలమును కాపాడవలెనని రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయశాస్త్ర సూత్రములలో ఒకటిగా చెప్పియున్నారు. కాని ఆ బిడ్డను ఒక్క ప్రశ్న అడుగుడు. దీనికి దొరకనిదేమో నీవెట్లు తెలిసికొంటివి అని అడుగుడు. జవాబు చెప్పగలిగినచో పని సరిగా జరుగుచున్నది. చెప్పలేక తడబడినచో తప్పేమియు లేదు. ఆ రాత్రి మరల ఒకసారి వేఱొక మాటతో, వేఱొక సూచిలో వెదకును. తనకు తెలిసిన పాత వ్యాసము దొరకినదో లేదో చూచుకొనును. దొరకలేదని నిర్మాతలకు వ్రాయును.

పరీక్షకుడనగా ఆ చిన్న ఉత్తరము వ్రాయువాడే. సాధనములు చేయువారు అట్టి ఉత్తరములకు ఎదురుచూచు నాడు, వానిని పొగడ్తలకంటె పైవరుసలో పెట్టుకొను నాడు, మన పిల్లల వ్రాతలను, మన రోగుల ప్రాణములను వానికి అప్పగించుటకు మనము జంకనక్కఱలేదు. అంతవఱకు చేట మన చేతిలోనే ఉండుట మంచిది.